ఒక మైలు దాటాక

మా మేనమామ పోయిన సంగతి ముందుగా మగ్గాలు చెప్పాయి. సోలాపూర్ నీలం నగర్‌లో ఆయన ఇంటి వెనక సందులోనే మేముంటాం. మంగళవారం పొద్దున ఏడింటికి ఆ సందులోని పవర్‌లూమ్ షెడ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆగుతాయి. ఇలా ఒక్కొక్కటిగా ఆగాయంటే వాడకట్టులో ఎవరో పోయారని అర్థం. బీడీలు చుడుతున్న మా ఆవిడ చాట పక్కన పెట్టి, "మీ మామ ఇంటి దిక్కే ఆగినయి" అంది. ఆయన మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు కాబట్టి ఎవరం ఆశ్చర్యపోలేదు. చెప్పులు వేసుకుని వెళ్లాను.

ఎనభైల్లో దాజీ పేటలో, భవాని పేటలో కొత్తగా పవర్‌లూములు పెట్టుకున్నవాళ్లకు ఆయన గుర్తుండే ఉంటాడు. మీ ఇనుప మగ్గాన్ని ట్రాలీ మీంచి దింపించి, గుమ్మం పగలకుండా లోపల పెట్టించిన పొట్టి మనిషి ఆయనే. బరువైన సామాన్లు ఊళ్లు దాటించే ఒక శేటు దగ్గర మేస్త్రిగా ఉండేవాడు. ఆ శేటు దగ్గరే నన్ను ట్రాక్టర్ డ్రైవర్‌గా పెట్టించింది కూడా ఆయనే.

అంతకుముందు మామ పడుగు పోసేవాడు. వందల పోగులను ఒకే బిగువున మగ్గం బీముకు చుట్టే పని అది. ఒక్క పోగు వదులైనా నేసిన బట్టలో తెలిసిపోతుంది. బరువులు కట్టే పనిలోకి వచ్చాక కూడా ఆ చెయ్యి మారలేదు. తాడు కట్టినా, గొలుసు బిగించినా, చివర్లో దాని మీద అరచెయ్యి వేసి నొక్కి చూసేవాడు. అప్పుడు ఆయన చూపు ఇంకెటో ఉండేది. పడుగు మీద చెయ్యి వేసే ప్రతివాడూ అలాగే చూస్తాడు. బిగువు కంటికి తెలిసేది కాదని మామ అనేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. బయల్దేరి ఒక మైలు దాటగానే బండి ఆపించేవాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు పాతి ఎన్నేళ్లయినా ఆయనకు మైలు మైలే. దిగి అన్ని కట్లూ మళ్లీ నొక్కి చూసి, ఎక్కి కూర్చునేవాడు. కొత్తగా వచ్చిన కూలీలు ఆయనకు మూత్రం జబ్బేదో ఉందనుకునేవారు. నేనూ విసుక్కునేవాణ్ణి. "కట్టినప్పుడు అన్నీ బిగువే ఉంటయి అల్లుడా. ఒక మైలు గుంతలల్ల ఎగిరినంక ఏది వదులో అది బయటపడ్తది" అనేవాడు. ఎన్నిసార్లు అడిగినా ఇదే జవాబు.

తుల్జాపూర్ అవతల ఒక రాళ్ల క్వారీలో మిలటరీ వాళ్ల పాత బండి ఉండేది. రాళ్లలో, చెలకల్లో నడిచే రకం, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది. ఇంజను చెడిపోయి కదలకపోతే దాన్ని సోలాపూర్ తెచ్చే పని మా శేటు ఒప్పుకున్నాడు. దారిలో మలుపుల ఘాట్ రోడ్డు దిగాలి. శేటు మా యార్డులోని చెరుకు ట్రాలీ చూపించి, "హేచ్ ఘ్యా, ఉద్యా పాహిజే" అన్నాడు. ఇదే తీసుకుపోండి, రేపటికల్లా రావాలని.

మామ ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ బండి బరువెంత అని అడిగాడు. ఎవరికీ తెలియదు. ఈ ట్రాలీకి సొంత బ్రేకు ఉందా అని అడిగాడు. లేదు.

"గిది నడువది శేట్" అన్నాడు. "చెరుకు పక్కకు ఒరిగితే రాలి పడ్తది, గంతే. బండి ఒరిగితే ట్రాక్టర్‌ను గూడ తీసుకపోతది. ఎత్తు తక్కువది గావాలె, నాలుగు చక్రాలది గావాలె, దాని బ్రేకు దానికుండాలె. ట్రాలీ సొంత బరువు గూడ మన ట్రాక్టరే గుంజాలె, అది మర్వకు."

శేటుకు కోపం వచ్చింది. మామ అలాంటి ట్రాలీ ఒకటి వేరే వాళ్ల దగ్గర వెతికి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను మామనే తిట్టుకున్నాను. అప్పటికి నా లైసెన్సు కొత్తది. నన్ను పర్మనెంటు చెయ్యాలా, తీసెయ్యాలా అన్నది శేటు ఇంకా తేల్చలేదు. ఈయన మొండితనానికి నా ఉద్యోగం పోయేలా ఉందని మా ఆవిడతో అన్నాను కూడా.

క్వారీలో ఎక్కించడానికి సగం పూట పట్టింది. మందపాటి చెక్కలు వాలుగా వేసి, చైన్ పుల్లీతో బండిని అంగుళం అంగుళం లాగాం. ఇంజను ట్రాక్టర్ వైపు ఉండేలా ఎక్కించాడు మామ. "ఇంజనే దీని బరువు. అది తోక దిక్కు ఉంటే ట్రాలీ పాము లెక్క ఊగుతది, ముందల నువ్వెంత బరాబర్ నడిపినా" అన్నాడు. చక్రాల కింద చెక్క ముక్కలు కొట్టించాడు. ముందు రెండు గొలుసులూ తనే కట్టాడు. వెనక రెండూ నన్ను కట్టమన్నాడు.

కుడి వైపుది బాగానే కట్టాను. ఎడమ వైపు కొక్కెం ఇరుసు దాకా అందలేదు. కిందికి దూరి, నూనె మడ్డిలో పడుకుని వెయ్యాలి. స్ప్రింగు కమాన్ల పైన చేతికి అందిన చోట బండి చట్రానికి, ఛాసిస్‌కు తగిలించి బిగించాను. చూడ్డానికి ఏ తేడా లేదు. బండి కమాన్ల మీద ఊగుతుంది, ఇరుసు ఊగదు. ఊగిన ప్రతిసారీ ఆ గొలుసు సడలుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

శేటు గుమస్తా మాతోపాటు ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. ఒక మైలు దాటగానే మామ ఆపమన్నాడు. అప్పటికే రెండు రోజులు ఆలస్యమైందని గుమస్తా సణిగాడు. "ఘాట్ దిగినంక చూద్దాం మామా" అన్నాను నేను. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆపాను.

వెనక ఎడమ గొలుసు ఇద్దరు పిల్లలు పట్టుకుని ఆడే తాడులా వేలాడుతోంది. కొక్కెం ఛాసిస్ అంచు మీద వేలెడంత నిలిచి ఉంది. ఇంకో రెండు మైళ్లలో ఘాట్ మొదలవుతుంది.

గుమస్తా కూడా దిగి చూశాడు. "ఎవరు కట్టిన్రు ఇది?" అన్నాడు.

మామ నా వైపు చూడలేదు. "నేనే కట్టిన" అన్నాడు.

ట్రాలీ కిందికి దూరి, నూనె మడ్డిలో పడుకుని, కొక్కెం ఇరుసుకు వేసి, బిగించి, అరచెయ్యి వేసి నొక్కి చూశాడు. లేచి తువ్వాలతో చేతులు తుడుచుకుని, "ఇగ పోనియ్యి" అన్నాడు. ఘాట్‌లో మూడో మలుపు దగ్గర ఎదురుగా బస్సు వస్తే గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. వెనక బండి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

గుమస్తా తను చూసింది శేటుకు చెప్పాడు. శేటుకు రెండు రోజుల కోపం కూడా తోడైంది. మామను మేస్త్రి పనిలోంచి తీసేశాడు. నన్ను పర్మనెంటు చేశాడు. మామ దాజీ పేటలో మళ్లీ పడుగు పోయడానికి వెళ్లాడు. ఏడాది తర్వాత శేటే కబురు పెట్టి వెనక్కి పిలిపించాడు. ఆ ఏడాదంతా నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత కూడా విప్పలేదు. సిగ్గు వేసేది. ఇది రాస్తుంటే ఇప్పుడూ వేస్తోంది.

ఒక్కసారి మాత్రం ఎత్తాను. ఆయన మంచాన పడ్డ కొత్తల్లో, "మామా, ఆ తుల్జాపూర్ గొలుసు..." అన్నాను.

"ఏ గొలుసు?" అన్నాడు. నిజంగా మర్చిపోయాడేమో అన్నట్టే చూశాడు. తర్వాత, "చాయ్ తాగి పో" అన్నాడు. తాగి వచ్చాను.

మంగళవారం మధ్యాహ్నం పాడె లేపాం. వెనక ఎడమ భుజం నాది. సగం దారిలో దింపుడు కళ్లం దగ్గర ఆగాం. పోయినవాళ్లు నిజంగానే పోయారా అని పాడె దించి చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు అది. మామ కొడుకు వంగి, "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు.

నాకు తెలియకుండానే నా చెయ్యి పాడె కట్ల మీదికి పోయింది. కాళ్ల వైపు ఎడమ తాడు వదులై ఉంది. కులపెద్ద అది చూసి, "ఎవడు కట్టిండురా గిది? మనిషి జారి పడ్తడు గద" అన్నాడు. పొద్దున ఆ తాడు కట్టింది మామ చిన్న కూతురి మొగుడు. అతను తల దించుకున్నాడు. మామను మోసుకెళ్తున్న రోజునే ఆ ఇంటి అల్లుడు ఆ మాట పడేలా ఉన్నాడు.

"నేనే కట్టిన" అన్నాను.

కులపెద్ద ఏదో గొణిగాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పాను, మళ్లీ కట్టాను. చూపు రోడ్డు వైపు పెట్టి, అరచెయ్యి వేసి నొక్కి చూశాను. మిగతా మూడు కట్లూ కూడా చూశాను.

"ఇగ లేపుండ్రి" అన్నాను.