వంటలు అని పేరు పెట్టిన ఫోల్డర్

నాకు కోపం జల్ది వస్తది గాని నోరు మాత్రం జల్ది లేవదు. మా ఇంట్ల కూడ గిదే తిట్టు. ఈ ముచ్చట గా లేవని నోటిదే.

హైటెక్ సిటీల ఒక కంపెనీల నేను ఇంట్రానెట్ చూసుకుంట. అంటే ఆఫీసోళ్లకు మాత్రమే తెరుచుకునే వెబ్‌సైటు అన్నట్టు. సెలవు పెట్టాలన్నా, క్యాబ్ కావాలన్నా అండ్లకెల్లే. పొద్దుగాల లాప్‌టాప్ తెరవంగనే అందరికీ మొదలు గదే పేజీ వస్తది.

మా మేనేజర్ సారుది రాజమండ్రి దిక్కు. మెత్తటి మనిషి, ఎవ్వర్నీ గట్టిగ ఒక మాట అనడు. ఒకనాడు నన్ను పిలిచి, "అందరూ రోజూ అవే లింకుల కోసం వెతుక్కుంటున్నారండి. వాళ్ల బ్రౌజర్లలో బుక్‌మార్కులు ఉంటాయి కదా, అవి తెచ్చి హోం పేజీలో కుడివైపు చూపించేయండి. ఎవరివి వాళ్లకే" అన్నడు. నాకూ బాగనే అనిపించింది. లాప్‌టాప్ ఆన్ కాంగనే బ్రౌజర్ల దాచుకున్న లింకులన్నీ మా సర్వర్‌కు పంపే చిన్న ప్రోగ్రాం రాసి, ముందుగాల మా ఫ్లోర్ మీద ఉన్నోళ్ల లాప్‌టాపులల్ల పెట్టిన. అందరికీ మెయిల్ కూడ కొట్టిన. ఆఫీసు మెయిల్ మొత్తం చదివేటోడు ఎవడున్నడు?

ఒక్కటి మాత్రం మర్శిపోయిన. మనోళ్లకు కొత్త లాప్‌టాప్ చేతికి రాంగనే బ్రౌజర్ల సొంత మెయిల్‌తోని లాగిన్ అయ్యే అలవాటు. పాస్‌వర్డులన్నీ వాటంతట అవే వస్తయని ఖుషీ. గట్ల అయితే ఇంట్ల ఫోన్ల దాచుకున్న లింకులు సుత చప్పుడు లేకుండ ఆఫీసు లాప్‌టాప్‌లకు వచ్చి కూసుంటయి. నాది కూడ గట్లనే ఉండె, అయినా గుర్తు రాలే.

సరిగ్గ వస్తున్నయా లేదా అని మరునాడు ఒక్కొక్కరి పేజీ తెరిచి చూస్తున్న. నా పక్క సీట్ల ఒక అక్క ఉండె. మూసాపేట నుంచి మెట్రోల వచ్చేది. రెండేండ్ల సంది కాంట్రాక్టు మీదనే చేస్తున్నది, ఆ నెలాఖరుకు పర్మినెంట్ లెటర్ ఇస్తమని చెప్పిన్రు. ఆ లెటర్ కోసం ఆమె రోజులు లెక్క పెట్టుకుంటుండె. మధ్యాహ్నం నా టిఫిన్ చూసి "గిదేం చారురా తమ్మీ, నీళ్లల్ల పసుపేసిన్రా ఏంది" అని నవ్వి తన పప్పు నాకింత వేసేది. ఆమె లింకులల్ల "వంటలు" అని ఒక ఫోల్డర్ కనబడ్డది. నవ్వుకుంట నొక్కిన.

లోపల ఒక్క వంట లేదు. "ఫిట్స్ మందులు జీవితాంతం వాడాలా." "ఫిట్స్ ఉన్నవాళ్లు నైట్ షిఫ్ట్ చేయవచ్చా." "ఫిట్స్ సంగతి ఆఫీసులో చెప్పాలా." వాటి కింద ఒక దవాఖానల నరాల డాక్టర్ అపాయింట్‌మెంట్ పేజీ.

గబగబ ఆ ఫోల్డర్ మూసిన. పక్కకు చూస్తే అక్క ఫోన్ల ఎవరితోనో నవ్వుకుంట మాట్లాడుతున్నది. ఫిట్స్ అంటే మనోళ్లు మనిషిని ఎట్ల చూస్తరో నాకు తెల్వదా? మా చిన్నమ్మకు ఫిట్స్ ఉన్నయని ఎవరో మాట మోసిన్రు, పెండ్లి సంబంధం గడప దాకా వచ్చి ఎనుకకు మళ్లింది. అక్కకు చెప్పాలె, తీసేసుకో అని ఒక్క మాట. చెప్పాలంటే చూసిన అని ఒప్పుకోవాలె. ఒక ఆడమనిషి దాచుకున్నది నువ్వెందుకు తెరిచినవ్ అంటే ఏం జెప్పాలె? సిగ్గయింది. రేపు చెప్దమని ఊకున్న.

సారు దగ్గరికి పోయి మాత్రం, ఎవరి పేరూ ఎత్తకుండ, "సార్, ఇండ్లల్ల దాచుకున్నయి కూడ వస్తున్నయ్" అన్న. "ఎవరివి వాళ్లకే కదండి, పరేషాన్ ఎందుకు" అని మా తెలంగాణ మాట మాకే అప్పజెప్పి నవ్విండు. రేపు, ఎల్లుండి అనుకుంటనే రెండు వారాలు గడిచినయ్. ఆ రెండు వారాలు అక్క పప్పు రోజూ తిన్న. పేజీ కంపెనీ మొత్తానికి తెరిచిన్రు.

గదే వారం నైట్ షిఫ్ట్ లిస్ట్ వచ్చింది. రూల్స్ ఏందో చూద్దామని అందరూ ఇంట్రానెట్ సెర్చ్‌ల "నైట్ షిఫ్ట్" అని కొట్టిన్రు. ఆ సెర్చ్ అందరి పేజీలూ లోపలికెల్లి చదివి పెట్టుకున్నదని నాకు తట్టనే లేదు. మొట్టమొదట వచ్చింది "ఫిట్స్ ఉన్నవాళ్లు నైట్ షిఫ్ట్ చేయవచ్చా" అన్న అక్క లింకు, పైన అక్క పేరు.

నాకెవ్వరూ చెప్పలే. క్యాంటీన్ల నేను, అక్క పోయి కూసుంటే పక్క టేబుల్ మాటలు బంద్ అయినయ్. ఒకామె వచ్చి "మెట్లెక్కకండి, లిఫ్ట్‌లోనే రండి" అని అక్క భుజం తట్టి పోయింది. "నాకేమైందిరా, ముసలిదాన్నైన్నా?" అని అక్క నవ్వింది. నేను తినేది ఇడ్సిపెట్టి లేచిన. సీటుకు ఉరికొచ్చి సెర్చ్ కొట్టి చూసిన. అప్పటికప్పుడు అందరి లింకులు సెర్చ్‌ల రాకుండ చేసిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు.

నెలాఖరుకు లెటర్ రాలే. కాంట్రాక్టు కూడ పెంచలే. నేను సారు మీదికి కోపంగ పోయిన. "ఆవిడ మంచికేనండి. రాత్రిపూట ఏదైనా అయితే ఎవరండీ జవాబు చెప్పేది?" అన్నడు గదే మెత్తటి గొంతుతోని. నేను మర్లి వచ్చి నా సీట్ల కూసున్న.

ఆఖరి రోజు అక్క సీటు సర్దుకుంట నా దిక్కు తిరిగింది. "ఆ పేజీ నువ్వే చేసినవంట గదా. నాయి నువ్వెప్పుడు చూసినవ్?"

అబద్ధం నాలుక మీదికి వచ్చింది గాని బయటికి రాలే. "అందరికీ తెరవకముందు. రెండు వారాల ముందు."

అక్క బ్యాగు జిప్పు పెట్టింది. తిడితే బాగుండు అనిపించింది. "తెరిచి చూసినందుకు కాదురా. ఒక్క మాట చెప్తే తీసేసుకుంటుంటి గదా" అన్నది. బ్యాగు తీసుకొని పోయింది.

మరుసటి సోమవారం సారు మళ్లా పిలిచిండు. "టీమ్‌లో అందరి లింకులూ ఒక్క పేజీలో పెట్టగలరా? నా ఒక్కడికే కనబడేలా. ఎవరికి ఏం కష్టం ఉందో ముందే తెలిస్తే మంచిదే కదండి" అన్నడు. కాదనాలె. కనీసం బయటికి వచ్చి అందరికీ చెప్పాలె. నా సీటుకు వచ్చి కూసున్న. ముందుగాల నా లింకులన్నీ ఒక్కొక్కటి తుడిపేసిన. ఆ తర్వాత ఆ పేజీ చేసి ఇచ్చిన.