అమ్మ దొడ్లో నిలబడి చెప్పిన టీ

మా అమ్మ పెళ్ళికి ముందు కడపలో ఒక మిషన్ బంగళా వంటింట్లో పనిచేసింది. టీ కాచడం అక్కడే నేర్చుకుంది. దొరసాని తాగే టీ పలచగా, వేణ్ణీళ్ళకు రంగు వేసినట్టు ఉండేదట. బంగళా గుర్రబ్బండి తోలే ముసలి సాయిబు మాత్రం తన టీలో శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క దంచి వేసుకునేవాడు. అమ్మ ఆ సాయిబు దగ్గర చూసి నేర్చుకుంది. తర్వాత నాయన బద్వేలు వైపు ఒక ఊళ్ళో మిషన్ బడికి అయ్యవారుగా వచ్చాడు. ఆదివారం ఆరాధన జరిపేది కూడా ఆయనే. ఊరికి అవతల, చేల మధ్య ఉన్న మా వాడలోనే బడి, గుడి, మా ఇల్లు అన్నీ ఉండేవి.

అప్పట్లో ఆ ఊళ్ళో టీ తాగేవాళ్ళు లేరు. మేమూ రోజూ తాగేవాళ్ళం కాదు. ఏడాదికొకసారి, క్రిస్మస్‌కు ముందు, నాయన అయ్యవార్ల కూటానికి కడపకు పోయినప్పుడు టీ ఆకు పొట్లం తెచ్చేవాడు. పండగ పొద్దున ఆరాధన అయ్యాక వాడలోని ఇరవై గడపలకూ అమ్మ ఆ టీ పోసేది. రాతిబండల మీద మంచు తడి ఆరకముందే, కంబళ్ళు కప్పుకుని, కొబ్బరి చిప్పలూ సత్తు గిన్నెలూ పట్టుకుని అందరూ మా వాకిట్లో కూర్చునేవాళ్ళు.

శొంఠి, మిరియాలు రోట్లో దంచే పని నాది. మెత్తగా దంచితే అడుగున మడ్డిలా దిగుతుందని, పలుకుగా ఉన్నప్పుడే ఆపమనేది అమ్మ. నీళ్ళు మసిలాక ముందు ఆ పలుకులు, చెక్క, రెండు యాలక్కాయలు వేసి, నీళ్ళు సగానికి దగ్గరయ్యేదాకా కాచేది. ఆ తర్వాత టీ ఆకు, బెల్లం. యుద్ధం మొదలయ్యాక చక్కెర కంటికి కనబడలేదు కాబట్టి అంతా బెల్లంతోనే. బెల్లం కరిగాక కుండ దించి, గుడ్డలో వడగట్టి, రోంత చల్లబడనిచ్చి అప్పుడు మేకపాలు కలిపేది. బెల్లం మసులుతున్నప్పుడు పాలు పోస్తే విరిగిపోతాయి. ఆ ఒక్క సంగతి తెలియకే చాలామందికి బెల్లం టీ కుదరదు.

నాకు పదకొండేళ్ళప్పుడు, యుద్ధం ఇంకా జరుగుతుండగా, డిసెంబరులో చలి ఎక్కువగా పడింది. ఊరి రెడ్డి తల్లికి ఉబ్బసం. మేమంతా ఆమెను పెద్దరెడ్డెమ్మ అనేవాళ్ళం, ఆమె కోడలిని చిన్నరెడ్డెమ్మ అనేవాళ్ళం. మా వాడ వాళ్ళందరికీ కూలి పని ఆ రెడ్డి చేలల్లోనే. బద్వేలు నుంచి వైద్యుడు వచ్చి మందులిచ్చినా పెద్దరెడ్డెమ్మకు ఊపిరి ఆడలేదు. అమ్మ కాచే టీ తాగితే రొమ్ము పట్టు విడుస్తుందని వాళ్ళ సేద్యగాడు చెప్పాడట. అతను మా వాడ మనిషే. మర్నాడు మధ్యాహ్నం చిన్నరెడ్డెమ్మ అమ్మను పిలిపించింది.

అమ్మ మసాలా పొట్లం, టీ ఆకు మూటగట్టి నన్ను వెంటబెట్టుకుని పోయింది. మేము ముందు వాకిలి నుంచి పోకూడదు. వెనక దొడ్లో పశువుల కొట్టం పక్కన నిలబడ్డాం. అక్కడి నుంచి వంటింటి వెనక తలుపు పదడుగుల దూరం. అమ్మ మూటను ఒక బండ మీద పెట్టి వెనక్కి జరిగింది. చిన్నరెడ్డెమ్మ వచ్చి, దాని మీద నాలుగు చుక్కలు పసుపునీళ్ళు చిలకరించి తీసుకుంది.

"నువ్వు ఆడ్నించే చెప్పు, నేను చేస్తా," అంది.

అట్లా అమ్మ దొడ్లో నిలబడి టీ కాచడం చెప్పింది. పొయ్యి కనబడదు, గిన్నె కనబడదు. పొగ ఒక్కటే తలుపులోంచి బయటికి వస్తోంది. అమ్మ ఆ పొగవైపు ముఖం పెట్టి వాసన చూస్తూ మాట్లాడింది.

"మిరియాలు ఏసినావా అమ్మా?"

"ఏసినా."

"చెక్క ఇంకా ఏసినట్టు లేదు. వాసన రాలే."

లోపల చెక్క విరిచిన చప్పుడయింది. తర్వాత, "ఇప్పుడేసినా," అని వినబడింది.

బెల్లం దాకా బాగానే సాగింది. కానీ గిన్నె దించమని అమ్మ చెప్పేలోపే చిన్నరెడ్డెమ్మ పాలు పోసేసింది. పాలు విరిగిపోయాయి. రెండోసారి మొదటి నుంచి కాచింది. ఈసారి గిన్నె దించింది గాని, చల్లబడేదాకా ఆగలేదు. మళ్ళీ విరిగిపోయాయి. ఎండ మా మీది నుంచి జరిగి కొట్టం గోడ ఎక్కింది. నా కాళ్ళు నొప్పి పుడుతున్నాయి. పక్కనే కుడితి తొట్టి అరుగు ఉన్నా మమ్మల్ని కూర్చోమనలేదు, మేమూ కూర్చోలేదు.

"నేను లోపలికి రాకూడదు, నువ్వు గిన్నె బయటికి తేకూడదు," అంది అమ్మ నెమ్మదిగా. "చూడకుండా ఎంతకని చెప్పేది తల్లీ?"

అప్పుడు లోపలి గదిలోంచి పెద్దరెడ్డెమ్మ గొంతు వినబడింది. ఒక్కో మాటకూ ఊపిరి ఎగబీలుస్తోంది. "పాలు వద్దు. ఉత్త నీళ్ళే ఇయ్యి."

మూడోసారి పాలు లేకుండా కాచి ఇచ్చింది. ఆమె తాగిందని, దగ్గు కాస్త తెగిందని చిన్నరెడ్డెమ్మ తలుపు దగ్గరికి వచ్చి చెప్పింది. మిగిలిన టీ ఆకు వాళ్ళకే వదిలేసి మేము తిరిగివచ్చాం. నాయన కడప నుంచి తెచ్చినదాంట్లో మూడో వంతు అయిపోయింది. ఆ క్రిస్మస్‌కు టీ పలచగా కాచాలి.

క్రిస్మస్ పొద్దున ఆరాధన అయింది. అమ్మ పాలు కలిపింది. నేను చిప్పల్లో పోస్తున్నాను. అంతలో వాడ మొదట్లో ఎద్దుల బండి వచ్చి ఆగింది. సేద్యగాడు ఎడ్ల ముందు నిలబడ్డాడు. బండిలో దుప్పటి కప్పుకుని పెద్దరెడ్డెమ్మ కూర్చుని ఉంది. ముసలివాళ్ళు చిప్పలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. రెడ్డి ఇంటి ఆడమనిషి మా వాడకు రావడం ఎవరూ ఎరగరు.

నాయన భయపడ్డాడు. బండి దగ్గరికి పోయి, "చలిలో వచ్చినారే తల్లీ. కబురు పెడితే మేమే వచ్చేవాళ్ళం గదా. రెడ్డికి తెలుసునా?" అన్నాడు.

"వాడు కడపకు పోయినాడు," అందామె. "నీ భార్యను పిలువప్పా."

అమ్మ వెళ్ళింది. నేను టీ చెంబు పట్టుకుని వెనకే వెళ్ళాను. పెద్దరెడ్డెమ్మ దుప్పట్లోంచి తన ఇత్తడి గ్లాసు తీసి ముందుకు చాచింది. "కోడలు చేసేది దినమ్మూ తాగుతాండా. పాలు పోసింది తాగాలని ఉండాది."

అమ్మ నా చేతిలోని చెంబు తీసుకుని పైనుంచి ధార పోయబోయింది. అట్లా అయితే చెంబు గ్లాసుకు తగలదు. పెద్దరెడ్డెమ్మ చెయ్యి వణుకుతోంది, టీ దుప్పటి మీద పడింది. ఆమె అమ్మ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని చెంబును గ్లాసు అంచుకు ఆనించుకుంది. గ్లాసు నిండేదాకా అట్లాగే పట్టుకుంది. మా వాడంతా చూస్తోంది.

ఆమె సగం గ్లాసు తాగి ఆగింది. అమ్మ ముఖం చూడకుండా అంది. "ఆ దినం మంచంలో పండుకుని అంతా వింటా ఉంటి. మీరు నిలబడే ఉండారని తెలుసు. నేను కూర్చోమని చెప్పొచ్చు. చెప్పలే."

అమ్మ తల వంచుకునే, "మాకు అలవాటే తల్లీ," అంది.

ఆ జవాబు పెద్దరెడ్డెమ్మకు నచ్చలేదనుకుంటాను. ఇంకేదో వినాలని వచ్చినట్టుంది. మిగిలింది తాగి, బండి తిప్పమంది.

రెండు రోజులకు రెడ్డి తిరిగివచ్చాడు. అతనికి సంగతి ఎవరు చెప్పారో తెలియదు. సేద్యగాడిని పనిలోంచి తీసేశాడు. ఆ వారమంతా జొన్న కోతకు మా వాడ ఆడవాళ్ళను పిలవలేదు, పక్క ఊరి నుంచి మనుషులను తెప్పించాడు. నాయన పోయి వాళ్ళ వాకిట్లో నిలబడ్డాడు. రెడ్డి అరవలేదట. "మా అమ్మకు వయసై మతి తప్పుతాండాది. నీకు చదువుండాది గదా, నువ్వన్నా చెప్పి పంపియ్యొద్దా?" అన్నాడట. నాయన తప్పయిందని చెప్పి వచ్చాడు. ఆయన ఎందుకు తప్పయిందన్నాడని ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. కోతలు సగం అయ్యాక, మనుషులు చాలక, రెడ్డే మళ్ళీ పిలిచాడు. అందరితో పాటు అమ్మా పోయింది. సేద్యగాడికి మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ పని దొరకలేదు. అతను పెళ్ళాం బిడ్డలతో శ్రీశైలం అడవి వైపు కట్టెల పనికి వెళ్ళిపోయాడు.

తర్వాతి వానాకాలంలో పెద్దరెడ్డెమ్మ చనిపోయింది. మేము వేరుశెనగ చేలో కలుపు తీస్తుండగా మేళం వినబడింది. మావాళ్ళంతా గట్టు మీదికి వెళ్ళి దూరంగా నిలబడ్డారు. అమ్మ ఆమె ముఖం చూడాలనుకుంది. నాలుగడుగులు ముందుకు వేసింది గాని, పాడె వెనక వస్తున్నవాళ్ళలో ఒకాయన చెయ్యి ఊపి ఆగమన్నాడు. అమ్మ ఆగిపోయింది. పూలదండల కింద ముఖం సరిగ్గా కనబడలేదు.

మేళం దూరమయ్యాక మా వాడ ఆడవాళ్ళు ఆమె బండెక్కి వచ్చిన సంగతి తలుచుకున్నారు. ఎంత మంచి మనిషో అన్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. అమ్మ అందరూ చెప్పింది విన్నాక, నాకు మాత్రమే వినబడేట్టు అంది.

"వచ్చింది, నిజమే. నా చెయ్యి పట్టుకునింది, అదీ నిజమే. వీళ్ళు ఎన్నేండ్లయినా దాన్నే చెప్పుకుంటారు. నువ్వూ నేనూ దొడ్లో ఎంతసేపు నిలబడింటిమో ఎవురూ చెప్పుకోరు. నువ్వు మరిచిపోవాకు."

అమ్మ గొంతులో కోపం లేదు. బడిలో పాఠం ఒప్పజెప్పించుకున్నట్టుగా ఉంది. నేను సరేనన్నాను. అప్పటికే మబ్బు పడుతోంది, వాన వచ్చేలోపు ఆ మడి ముగించాలి. అమ్మ కొంగు నడుముకు దోపుకుని సాలు పట్టుకుంది. నేను పక్క సాలులో వంగాను.