వంటింటి కిటికీకి మేకులు

ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. మా పెద్ద తోడికోడలు వంటింటి కిటికీకి చెక్క అడ్డం పెట్టి మేకులు కొట్టింది. అది డెబ్బైల చివర్లో, రేవు పక్క వన్ టౌన్‌లో మేమంతా కలిసున్న అద్దె ఇంట్లో. అలా కొట్టడం అది రెండోసారి.

మొదటిసారి కొట్టించింది మా అత్త. కిటికీ రేవు వైపు ఉండేది. గాలి అటు నుంచి తిరిగితే ఇనుప ఖనిజం దుమ్ము కడిగిన గిన్నెల మీద ఎర్రగా పేరుకునేది. చెక్క కొట్టాక దుమ్ము ఆగింది, పొగ లోపలే ఉండిపోయింది. మాది రంపపు పొట్టు కూరి కాల్చే పొయ్యి. చేపలు వేయిస్తే గోడలు జిడ్డు కారేవి. నేను పనికి పోయేదాన్ని, వంటంతా అక్కదే. తోడికోడల్ని అక్కా అనేదాన్ని. ఆమెకు దగ్గు పట్టుకుంది.

"ఆ సెక్క తీయించత్తా, ఊపిరాడ్డం నేదు."

మా అత్త అడ్డపొగ తాగేది, చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. చుట్ట తీసి అంది: "నాను నిప్పే నోట్లో ఎట్టుకుంతన్నాను, నాకేటయ్యింది? పొయ్యి పొగకే నీ ఊపిరి పోతందేటి మారాణీ?"

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వబోయి దగ్గింది.

ఆసుపత్రిలో డాక్టరు అక్కని చుట్ట తాగుతావా అని అడిగాడు. తాగదని చెప్తే, వంటింట్లోకి గాలి రానివ్వండి, లేకపోతే బతకదు అన్నాడు. శనివారం మా ఆయన చెక్క ఊడదీశాడు. అక్క కిటికీలో మొహం పెట్టి, "గాలొత్తందే సెల్లీ" అంది. ఆ పూట దగ్గకుండా వండింది.

మర్నాడు గాలి తిరిగింది. వార్చిన అన్నం ఎర్రబడింది. మా బావ, అంటే అక్క మొగుడు, రేవులో ఖనిజం ఎత్తే కూలీ. కంచం తోసేశాడు.

"వారవంతా ఈ మట్టే మింగుతన్నాను. ఇంటికొచ్చీ ఇదే తినాల?"

"తీయమన్నది డాక్టరే, అన్నా," అన్నాడు మా ఆయన.

"అయితే ఆ డాక్టర్నే ఒచ్చి తినమను."

అక్క లేచి మేకులు వెతికింది. ఉండనీ అక్కా అన్నాను.

"ఆయన తినకపోతే ఎలగే? నాను ముక్కుకి కొంగు కట్టుకుంతాన్లే."

వానలు పడేసరికి అక్క పోయింది.

ఇప్పుడు పొయ్యి మీద చిమ్నీ దండగంటారు కొందరు మగవాళ్లు. వాళ్లు వండరు.

ఆ మధ్యాహ్నం అక్కడున్నది కంచం ముందు బావ, గడపలో చుట్టతో అత్త, చెక్క పట్టుకున్న మా ఆయన, మళ్లీ వండడానికి బియ్యం కడుగుతున్న నేను, మేకులు కొడుతున్న అక్క.