ఎగరని పరజలు

నా చిన్నప్పుడు పిట్టలన్నీ నన్ను చూసి ఎగిరిపోతాయని ఏడ్చేదాన్ని. బెజవాడలో మా డాబా మీద నూకలు చల్లి ఎంతసేపు కూర్చున్నా ఒక్క పిచ్చుక కూడా దగ్గరికి వచ్చేది కాదు. కుదురుగా కూర్చోవడం నా ఒంట్లోనే లేదని అమ్మ అనేది. అది నిజమే. అందుకే క్రిస్మస్ సెలవుల్లో కొల్లేటి లంకలో ఉండే పెద్దమ్మ ఇంటికి వెళ్దామనగానే ఎగిరి గంతేశాను. చలికాలంలో అక్కడికి వేలకొద్దీ పిట్టలు వస్తాయి. అన్నింటిలో ఒక్కటైనా నాకు మచ్చిక కాకపోతుందా అని ఆశ.

కైకలూరులో బస్సు దిగిన చోట ఒకతను సైకిల్ హ్యాండిల్‌కి పరజలు వేలాడదీసి అమ్ముతున్నాడు. పరజలంటే చిన్న అడవి బాతులు. పిట్టలంటే అంత ప్రేమ ఒలకబోసే నేనే, కూరకి కొనమని అమ్మ కొంగు పట్టుకుని గోల చేశాను. "పొద్దున్నే వల్లో పడ్డాయమ్మా" అంటూ అతను రెండింటి మెడలు మా ముందే కోశాడు. నెత్తురు రాలేదు. చవగ్గా వచ్చాయన్న సంబరంలో అమ్మ అది గమనించలేదు. నేను చూశాను గానీ, చూసినదాని గురించి ఆలోచించే వయసు కాదు.

ఇంటికి చేరగానే అమ్మ మూడేళ్ల తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెరట్లో పిట్టలు బాగుచేయడం మొదలుపెట్టింది. నేను రేవులో ఉన్న పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నన్ను దోనెలో ఎక్కించుకుని, పొడుగాటి వెదురు గెడ వేసుకుంటూ సరస్సులోకి తీసుకెళ్లింది. పెద్దమ్మ మాటల మనిషి కాదు. అదిగో గూడబాతు, అదిగో నీటికాకి అని వేలు చూపించేది, అంతే. మేం దగ్గరయ్యేలోపే అన్నీ లేచిపోయేవి. నేను మూతి ముడుచుకున్నాను.

"ఎగరనీవే. వాటి ప్రాణం వాటికి తీపి" అంది పెద్దమ్మ.

కిక్కిసగడ్డి దాటి, ఎవరిదో చేపల చెరువు గట్టు వారగా వెళ్లేసరికి గట్టు మీద ఇరవై దాకా పరజలు కూర్చుని ఉన్నాయి. దోనె దగ్గరికి పోయినా కదల్లేదు. చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. ఒకటి తలెత్తి నా వైపే చూసి మెల్లగా కళ్లు మూసింది. నా పంట పండిందనుకున్నాను. గాలి లేదు. అంతసేపూ చెవులు హోరెత్తించిన పిట్టల గోల ఆ వారన అస్సలు లేదు.

పెద్దమ్మ గెడ ఆపేసింది. "చప్పట్లు కొట్టవే" అంది.

కొట్టాను. ఒక్క పిట్టా లేవలేదు. నా వైపు చూసినదే రెక్క విప్పబోయి పక్కకి ఒరిగిపోయింది. గట్టు మీద చల్లి ఉన్న వడ్లను, వాటిలో కలిసిన పురుగుమందు గుళికలను పెద్దమ్మ గెడ కొనతో చూపించింది. పిట్టల్ని ఇలా చంపి అమ్ముకునేవాళ్లు ఉన్నారని చెప్పింది. అప్పుడు నాకు సైకిల్ మీది పరజలు గుర్తొచ్చాయి.

"మేమూ రెండు కొన్నాం పెద్దమ్మా."

"మెడ కోస్తే నెత్తురు వచ్చిందా?"

రాలేదన్నాను. అంటే మెడ కోసేలోపే అవి చచ్చిపోయి ఉన్నాయన్నమాట. ఆవిడ వెంటనే దోనె తిప్పింది. అంత బలంగా గెడ వేయడం నేనెప్పుడూ చూడలేదు, అయినా దోనె కదులుతున్నట్టే లేదు. దూరంగా మా ఇంటి పొయ్యి పొగ కనిపిస్తోంది. తమ్ముడు ఆకలికి ఆగే రకం కాదు. కొనమని గోల చేసింది నేనే కదా.

మేం వెళ్లేసరికి అమ్మ అన్నంలో కూర కలిపి, ముద్ద చేతిలో పట్టుకుని చల్లారేలా ఊదుతోంది. తమ్ముడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ గుమ్మం దాటుతూనే వచ్చి ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది. ముద్ద ఎగిరి గోడ దగ్గర పడింది. కూర గిన్నె తీసుకెళ్లి పొయ్యి బూడిదలో బోర్లించింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. "నీకేమన్నా పిచ్చి పట్టిందా అక్కా!" అని అమ్మ అరిచింది. పెద్దమ్మ ఆయాసంతో మాట్లాడలేకపోయింది.

ఆ అరుపులు వినలేక పెరట్లోకి వెళ్లాను. కట్టెల పక్కన పెద్దమ్మ వాళ్ల పిల్లి పడుకుని ఉంది. నా అల్లరి భరించలేక, నన్ను చూస్తే చాలు గోడ దూకేది. అమ్మ పిట్టలు బాగుచేస్తూ పేగులు దానికే వేసిందట. దగ్గరికి వెళ్లాను. కదల్లేదు. చప్పట్లు కొట్టాను. కదల్లేదు. అమ్మను పిలిచాను. అమ్మ వచ్చి చూసింది, లోపలికి పరిగెత్తి తమ్ముడి నోట్లో వేలు పెట్టి వెతికింది, వాణ్ణి ఒళ్లో అదుముకుని చీకటి పడేదాకా వదల్లేదు.

తమ్ముడికి ఇప్పుడు బట్టతల కూడా వచ్చేసింది. ఆ కూర రుచి చూడనివ్వలేదని మమ్మల్ని ఆటపట్టిస్తుంటాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

మొన్న మా అమ్మాయి డాబా మీద పావురాన్ని చూసి మురిసిపోయింది. చెయ్యి చాపినా కదలడం లేదు, చూడమని గుసగుసగా పిలిచింది. నేను గబగబా వెళ్లి గట్టిగా చప్పట్లు కొట్టాను. పావురం లేచిపోయింది. పిల్ల అలిగి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అలగనీ. ఆ రెక్కల చప్పుడు విన్నాకే నాకు ఊపిరి ఆడింది.