నేను అడిగినా ఫొటో పంపకు: పటాన్‌చెరు నుంచి కొండాపూర్ దాకా ఒక తండ్రి వెంట

డిసెంబరు 6, శనివారం. పొద్దున ఐదుంపావుకు ఫోన్ మోగితే అలారం అనుకుని ఆపబోయాను. అలారం కాదు, మెసేజ్. “చెల్లె, నేను నరేశ్‌ను. మా బిడ్డ ఫొటోలు నీ తాన ఉన్నయట గదా. రైలు లేటున్నది, పానం ఆగుతలేదు. నేను అడిగినా పంపకు.” తన కూతురి ఫొటో తనకు పంపొద్దని బతిమాలే తండ్రి గురించి నేను ఎక్కడా విని ఉండలేదు. నిద్ర అక్కడితో పోయింది.

నరేశన్న సైన్యంలో జవాను. పదకొండు నెలలుగా సరిహద్దు దగ్గరే ఉన్నాడు. ఆయన తల్లి శంకరమ్మ పెద్దమ్మ, భార్య స్వప్నక్క కిష్టారెడ్డిపేటలో మా పక్క వాటాలో అద్దెకుంటారు. పెద్దమ్మ ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లేది, ఇప్పుడు పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. స్వప్నక్క కాన్పు కోసం సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ మండలంలోని తల్లిగారి ఊరికి వెళ్లింది. పాప పుట్టి ఇవాళ్టికి యాభై రెండు రోజులు. పుట్టిన నక్షత్రం చూసిన అయ్యగారు, తండ్రి బిడ్డ ముఖాన్ని ముందు నూనెలో చూడాలనీ ఆ తర్వాతే నేరుగా చూడాలనీ చెప్పారు. ఫొటోలో చూసినా చూసినట్టే లెక్క అని పెద్దమ్మ దానికి తన షరతు కలిపింది. నరేశన్న తల్లికి మాటిచ్చాడు. అందుకే ఇన్నాళ్లూ వీడియో కాల్‌లో ఆయనకు పాప పాదాలు మాత్రమే చూపించారు.

నేను డిగ్రీ రెండో సంవత్సరం జర్నలిజం విద్యార్థిని. పాత కెమెరా ఒకటి కొనుక్కుని ఫొటోలు నేర్చుకుంటున్నాను. పదిహేను రోజుల కిందట పాపకు ఫొటోలు తీసింది నేనే. ఆయన వచ్చే రోజు కూడా నువ్వే తీయాలని స్వప్నక్క అడిగింది. నూనెలో చూడటానికి అయ్యగారు పెట్టిన సమయం ఇవాళ పదకొండున్నర లోపు. అది దాటితే మళ్లీ గురువారమే. అంటే ఇంత దూరం నుంచి వచ్చిన మనిషి ఒకే ఊళ్లో ఐదు రోజులు ఉండి కూడా బిడ్డ ముఖం చూడకూడదు. నాకూ ఒక్కటే అవకాశం. నిన్న సాయంత్రం వంటింట్లో స్టీలు పళ్లెంలో నూనె పోసి, దాని మీదికి మా చెల్లి బొమ్మను వంచి సాధన చేశాను. స్టీలు మెరుపులో బొమ్మ ముఖం కనబడలేదు. అడుగు నల్లగా ఉన్న ఇనుప మూకుడులో పోస్తే అద్దంలా కనబడింది. అలాంటిదే పెట్టమని స్వప్నక్కకు ఫోన్ చేసి చెప్పాను.

ఏడున్నరకు కిష్టారెడ్డిపేటలో షేర్ ఆటో ఎక్కి, ఇరవై రూపాయలిచ్చి పటాన్‌చెరు బస్టాండులో దిగాను. పెద్దమ్మ అప్పటికే వచ్చి ఉంది. రాత్రి షిఫ్టు ముగించుకుని, ఫ్యాక్టరీలోనే చీర మార్చుకుని, తలలో పూలు కూడా పెట్టుకుంది.

“నిద్ర రావట్లేదా పెద్దమ్మా?”

“నిద్రేంది బిడ్డా! నా కొడుకు ఫౌజీ, ఇయ్యాల అస్తున్నడని చెప్పిన. లైన్ల ఉన్నోళ్లందరు చప్పట్లు కొట్టిండ్రు. బిహార్ పిల్లగాండ్లయితే ‘అమ్మా, మిఠాయి’ అని ఎంబడి పడ్డరు. బెల్లం ముక్కలు పంచొచ్చిన.”

ఆయన రైలు మూడు గంటలు ఆలస్యంగా ఎనిమిదింటికి సికింద్రాబాద్ చేరింది. అక్కడి నుంచి లోకల్ రైల్లో లింగంపల్లి, లింగంపల్లి నుంచి సంగారెడ్డి బస్సు. మేం పటాన్‌చెరులో అదే బస్సు ఎక్కాలని అనుకున్నాం. లోకల్ రైల్లో ఉండగా మరో మెసేజ్ పంపాడు: “ఒక్కటి పంపు చెల్లె. మొకం అద్దు, ఉత్త ముక్కు.” నేనింకా ఆలోచిస్తుండగానే ఇంకొకటి: “అద్దు అద్దు. పంపకు.” రెండూ పెద్దమ్మకు చదివి వినిపించాను.

“వాడు చిన్నప్పటి సంది గంతే. దేవుని ముంగట పెట్టకముందే బూరెలు మాయం జేసెటోడు. నువ్వు ఫోన్ సంచిల ఏసుకో బిడ్డా.”

వేసుకున్నాను.

తొమ్మిది నలభైకి బస్సు వచ్చింది. నేను ఆకుపచ్చ యూనిఫామ్ కోసం కెమెరా ఎత్తి సిద్ధంగా ఉన్నాను. మెట్ల మీంచి జీన్సు ప్యాంటు, బూడిద రంగు స్వెటర్ వేసుకున్న ఒకాయన దూకి పెద్దమ్మ కాళ్లకు దండం పెట్టాక గానీ ఆయనే నరేశన్న అని తెలియలేదు. ఆ ఫొటో పోయింది. పెద్దమ్మ కొడుకు చెంప మీద చెయ్యి పెట్టి “బక్కగైనవ్” అంది. పదకొండు నెలల తర్వాత ఆమె అన్న మొదటి మాట అదే. “యూనిఫామ్ ఏదన్నా?” అని అడిగాను. “సెలవు మీద ఎవరేసుకుంటరు చెల్లె? ఇస్త్రీ చేసి పెట్టెల పెట్టిన” అన్నాడు. బస్సులో ఆయన సీటు పక్కన తెల్లరంగుతో పేరు రాసిన నల్లటి ఇనుప పెట్టె ఉంది.

“అమ్మా, ఎక్కుతరా, ఈడనే ముచ్చట పెడ్తరా?” అని కండక్టర్ కేకేసింది. సంగతి తెలిశాక ఆమే ఆ పెట్టెను తన సీటు పక్కకు జరిపించుకుని “మా తమ్ముడు సుత ఫౌజే” అంది. ఆడవాళ్లం కాబట్టి పెద్దమ్మకూ నాకూ సున్నా టికెట్టు. మామూలుగా ముప్పావు గంట ప్రయాణం. కానీ ఇస్నాపూర్ దాటగానే రోడ్డు పని దగ్గర కంటెయినర్ లారీలు బారులు తీరి ఉన్నాయి. పది నిమిషాలైంది, ఇరవై అయింది, బస్సు కదల్లేదు. నరేశన్న వాచీ చూడటం మానేసి అరచేతులు చూసుకుంటున్నాడు. “గురువారం సూసినా ఏం గాదు లే అమ్మా” అన్నాడు. ఆ గొంతు విని పెద్దమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఫొటో కూడా చూడొద్దన్న షరతు తనదే మరి.

సంగారెడ్డిలో దిగేసరికి పది యాభై. షేర్ ఆటో నిండేదాకా ఆగితే అంతే సంగతులని మూడు వందల యాభైకి ఆటో మొత్తం మాట్లాడుకున్నాం. నడిపే ఆయన పేరు జహంగీర్ భాయ్.

“పదకొండున్నర లోపల పోతమా భాయ్?”

“ఏంది, పెండ్లా?”

“బిడ్డ మొకం సూడాలె. మొదటిసారి.”

ఆయన వెనక్కి తిరిగి నరేశన్నను ఒకసారి, పెట్టెను ఒకసారి చూశాడు. “ఫికర్ చెయ్యకుండ్రి. గట్టిగ పట్టుకోండ్రి” అన్నాడు. పత్తి చేల మధ్య రోడ్డు మీద నేను రెండు చేతులతో కెమెరాను పట్టుకుంటే, పెద్దమ్మ నన్ను పట్టుకుంది.

ఊరు చేరేసరికి పదకొండు పద్దెనిమిది. వాకిట్లో దిష్టి తీశారు. కాళ్లు చేతులు కడుక్కుని నరేశన్న కళ్లు మూసుకున్నాడు. సరిహద్దు కాసే మనిషిని తల్లి చెయ్యి పట్టుకుని, పసిపిల్లవాణ్ణి నడిపించినట్టు లోపలికి నడిపించి పీట మీద కూర్చోబెట్టింది. పీట ముందు ఇనుప మూకుడులో నువ్వుల నూనె ఉంది. స్వప్నక్క పాపనెత్తుకుని ఆయన వెనక నిలబడి, భుజం మీదుగా ముందుకు వంచింది. “ఇగ సూడు” అంది పెద్దమ్మ.

ఆయన కళ్లు తెరిచి, ఆత్రంగా మూకుడు మీదికి వంగాడు.

“అరె! అచ్చం నా లెక్కనే ఉన్నదే! ముక్కు సుత నాదే!”

పెద్దమ్మ పక్క నుంచి తొంగి చూసింది. “అది నీ మొకమే కొడకా! మీసాలున్న ఆడపిల్లను యాడనన్న సూసినవా? జెర ఎనుకకు జరుగు!”

ఇల్లంతా పగలబడి నవ్వింది. స్వప్నక్క నవ్వుకి చేతుల్లో పాప కూడా ఊగింది. నరేశన్న సిగ్గుపడి వెనక్కి జరిగాడు. నూనె కుదురుకుంది. ఆయన ముఖం పక్కకు, భుజం మీది నుంచి, ఒక చిన్న ముఖం మెల్లగా వచ్చి నిలిచింది. పెదవి ముడుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని. నేను వరుసగా పదకొండు ఫొటోలు తీశాను. ఫోకస్‌ను కెమెరాకే వదిలేశాను కాబట్టి పదింటిలో మూకుడు అంచే స్పష్టంగా వచ్చింది, ముఖాలు మసకబారాయి. ఒక్కదాంట్లో మాత్రం ఇద్దరూ ఉన్నారు. ముక్కు నిజంగా ఆయనదే.

తర్వాత ఆయన వెనక్కి తిరిగి, ముఖం కన్నా ముందు పాదాలు పట్టుకున్నాడు. “ఇవి నాకు ఎరుకే” అన్నాడు. గోడ గడియారంలో పదకొండు ఇరవై ఆరు.

పొద్దున బయల్దేరినప్పుడు గర్వం అంటే ఇస్త్రీ యూనిఫామూ సెల్యూటూ అనుకున్నాను, ఆ ఫొటో కోసమే వచ్చాను. యూనిఫామ్ పెట్టెలోనే ఉండిపోయింది. నాకు కనిపించిన గర్వం రాత్రంతా నిలబడి పనిచేసి బెల్లం పంచిన తల్లిది. యాభై రెండు రోజులు మాట మీద నిలబడి, ఒక ముక్కు కోసం తడబడి, మళ్లీ నిలబడిన కొడుకుది. వెనక్కి వచ్చే బస్సులో సెలవు అనే మాట గురించే ఆలోచించాను. మనం వెళ్లేటప్పుడు సెలవు అంటాం. ఆ ఇంట్లో అదే మాటకు రావడం అని అర్థం. ఇలాంటి వేడుకకు ఫొటోలు తీయడానికి వెళ్లేవాళ్లకు నా అనుభవంతో ఒక మాట: నల్ల అడుగున్న పాత్రే పెట్టమనండి, కెమెరా ఫోకస్‌ను చేత్తోనే, నూనె మీద కాకుండా అందులో కనిపించే ముఖం మీద పెట్టండి. దానంతట అదే చూసుకుంటుందని వదిలేస్తే కెమెరా పాత్ర అంచునే పట్టుకుంటుంది.

ఇంటికి వచ్చాక నరేశన్నకు రాశాను: “అన్నా, ఇప్పుడు పంపనా?” చాలాసేపటికి జవాబు వచ్చింది. “ఆగు చెల్లె. ఇంక సూస్తనే ఉన్న.” రేపు పొద్దున పాపకు నీళ్లు పోసేది ఆయనేనట. ఏడింటికల్లా పటాన్‌చెరు బస్టాండులో ఉండాలి. ఆ ఒక్క ఫొటోనూ అచ్చు వేయించి ఉంచాను, చేతికే ఇస్తాను.