ఎత్తిన చెయ్యి

కొలిమిలోకి బొగ్గు ఎత్తీ ఎత్తీ లుద్విక్ కుడిభుజం ఒక పక్కకి జారిపోయింది. ఆ చెయ్యి తలకు పైగా లేచేది ఎన్నికలనాడే. పిట్స్‌బర్గ్‌లోని ఆ ఉక్కుమిల్లులో అది ఆనవాయితీ. యజమాని పార్టీ అచ్చువేసి ఇచ్చిన ఎర్ర ఓటుచీటీని, పోలింగు గుమ్మం దగ్గర కాపుకాసే గారిటీ అనే మేస్త్రీకి కనబడేలా ఎత్తిపట్టుకుని పెట్టెలో వేయాలి. రంగు మారితే మర్నాడు పని ఊడిపోతుంది. ఈ ఏడు కొత్త చట్టం వచ్చింది. అందరికీ ఒకే తెల్లకాగితం, దానిమీద ఓటు గుర్తు వేయడానికి తెరచాటు. లుద్విక్ తెరవెనక చాలాసేపు ఉండిపోయాడు. బయటికొచ్చి పెట్టె దగ్గరికి నడిచాడు. అలవాటు కొద్దీ, మడిచిన కాగితంతో చెయ్యి దానంతటదే పైకి లేచింది. గారిటీ మెడ సాచి చూశాడు. కాగితం పెట్టెలో పడింది.

"ఎవరికేశావురా?"

"అదేంటి మేస్త్రీగారూ, ఎప్పట్లాగే ఎత్తి చూపించాను కదా!"