ఎలుగుకు ఏ తూటా?

అప్పట్లో, పాల్వంచ దాటగానే సెల్‌ఫోన్ మూగబోయే ఆ కాలంలో, నాకు దేన్నైనా పరీక్ష పెట్టి తేల్చాలనే పిచ్చి ఉండేది. ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం, జేబులో నోటుబుక్కు, ఇంకేం కావాలి? మణుగూరు అవతల అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో రాతి నమూనాల వివరాలు రాసుకోవడం నా పని. క్యాంపు నుంచి బోరు దాకా ఇప్పచెట్ల నడుమ కాలిబాట. ఇప్పపూలు రాలే రోజులు. ఆ పూల కోసం వచ్చే ఎలుగు వారం కిందటే ఒక కూలీ ముఖం చీరేసింది. మర్నాడు పొద్దున్నే ఆ బాటన నేను పోవాలి. నాకు ధైర్యమల్లా మా కాపలాదారు మిలిటరీ మామ (ఎవరికీ మామ కాడు, అందరికీ మామే), ఆయన లైసెన్సు రివాల్వరు.

మామ దగ్గర రెండు రకాల తూటాలున్నాయి. వట్టి సీసంవి ఆరు, రాగి తొడుగువి ఆరు. "సీసం మెత్తన, పైన్నే చితుకుతది. గుడ్డెలుగుకు బొచ్చు, కొవ్వు, దాని కింద గట్టి బొక్క. లోపలికి దిగాలె" అన్నాడు. "ఎంత దిగుతదో చూడకుండ ఎట్ల తెలుస్తది మామా?" అన్నాను (ఈ ప్రశ్న నాదే, ఒప్పుకుంటున్నాను). వాగు పక్కన తడిమట్టి నింపిన గోనెసంచులు వరసగా పేర్చాం. సీసం రెండో సంచిలో ఆగింది. రాగి మూడు దాటింది. "ఒక్కదాన్నే నమ్మొద్దు, ఇంకోటి" అన్నాను. మామకూ హుషారొచ్చింది. పొద్దుగూకేసరికి నా పుస్తకంలో పేజీ నిండింది. రాగిదే గెలుపని ఇద్దరం చేతులు కలుపుకున్నాం.

తెల్లవారగానే బయల్దేరాం. ముందు దారి చూపే కోయ తాత, నడుమ నేను, వెనక మామ. రాలిన పూల వాసన, పులిసిన తీపి. ఒక్క పిట్ట కూయడం లేదు. బాట పక్క చెదపుట్ట అవతల ఎవరో మూసుకుపోయిన ముక్కుతో గాలి లాగుతున్నట్టు చప్పుడు (చెదల్ని పీల్చుకు తింటోందని తర్వాత తెలిసింది). మేం ఆగగానే అదీ ఆగింది. ఆగడమే ఎక్కువ భయపెట్టింది. ఆకు కదల్లేదు గానీ, పుట్ట పక్కనున్న నల్లటి నీడ ఉన్నచోటనే మెల్లగా పొడుగైంది. మనిషంత ఎత్తు. రొమ్ము మీద తెల్లటి గీత.

"మామా, రాగియి ఎక్కించినవా?" అన్నాను గుసగుసగా.

"నిన్న ఇంకోటి, ఇంకోటి అన్నది నువ్వే గద. సీసంవి గూడ లెవ్వు."

"మరి రివాల్వర్ ఎందుకు తెచ్చినవ్?"

"తేకపోతే నువ్వు వస్తవా?"

తాత తల తిప్పకుండానే అన్నాడు: "ఉరకకుర్రి. మెల్లగ మాట్లాడుకుంట ఎనక్కి జరుగుర్రి. మనుషులమని దానికి ఎరుక గావాలె."

"ఏం మాట్లాడాలె తాతా?"

"నీకేదొస్తే అది."

నాకేమొస్తుంది? వెనకడుగు వేస్తూ నిన్నటి పరీక్షే అప్పజెప్పాను. సీసం, రెండో సంచి. రాగి, మూడు సంచులు. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. ఎలుగు తల పక్కకు వంచింది. మలుపు దాటాక వెనక్కి చూసే గుండె లేక, క్యాంపు కనబడేదాకా నోరు మూయలేదు.

ఎండెక్కాక తాత మమ్మల్ని బాట మీదికి పిలిచాడు. దుమ్ములో మా అడుగులు. సరిగ్గా వాటి మీదే పొడుగాటి గోళ్ల జాడలు, మా గుడారం తాడు దాకా వచ్చి ఆగాయి.

"ఇనుకుంట వచ్చింది" అన్నాడు తాత. నవ్వలేదు.

ఇన్నేళ్లుగా ఈ కథ చెబుతూనే ఉన్నాను. ఎలుగు ఏటా జానెడు పెరుగుతోంది. మా ఆవిడ సగంలోనే లేచి వంటింట్లోకి పోతుంది. ఆ పిచ్చి కుర్రాడి మాటను ఒక్క ముక్క వదలకుండా, గుమ్మం దాకా వచ్చి మరీ విన్నది ఆ ఎలుగొక్కటే.